ఆరు గ్రాముల లెక్క

చిలకలపూడి అనగానే రోల్డుగోల్డు నగలు గుర్తొస్తాయి. బంగారాన్ని ఎంత పల్చగా, ఎంత సమంగా ఎక్కించాలో తెలిసిన చేతులున్న ఊరది. అంత కొలతగా పనిచేసే చేతులు ఆ ఊరి కార్ఖానాల్లోనే ఉన్నాయనుకుంటే పొరపాటు. బందరు నుంచి పామర్రు, మొవ్వ, ఘంటసాల వైపు రబీలో వెళ్లి చూడండి. వరి కోసిన మాగాణిలో, దున్నకుండా వేసిన మొక్కజొన్నకు ఎరువు పెడుతూ కనిపిస్తాయి.

వరి తర్వాత ఈ డెల్టాలో అనాదిగా మినుమే పంట. కోతకు రెండు మూడు రోజుల ముందు, వరి నిలబడి ఉండగానే గింజ చల్లేస్తారు. పల్లాకు తెగులు, బంగారు తీగ కలిసి దాన్ని దెబ్బతీశాక, నీటి వసతి ఉన్న రైతులు మొక్కజొన్నకు మళ్లారు. సముద్రానికి దగ్గరగా ఉప్పు తగిలే నేలల్లో మాత్రం దీని ఆటలు సాగవు.

దుక్కి లేదంటే పని లేదని కాదు. పదును ఆరకముందే వరి మోళ్ల మధ్య తాడు పట్టి, కర్రతో గుంట పొడిచి, గింజ వేసి కప్పాలి. వరుసల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20. అలా ఎకరానికి 33 వేల పైచిలుకు మొక్కలు నిలుస్తాయి. చిక్కంతా ఎరువు దగ్గరే. నేలలో కలపడానికి నాగలి లేదు. యూరియాను పైన వదిలేస్తే గడ్డీగాదం మీద పడి, అమ్మోనియాగా మారి కొంత గాలిలో కలిసిపోతుంది. అందుకే మంచి రైతు విసరడు. నడుముకు బేసిన్ ఆనించుకుని వరుస వెంట నడిచే ఆడకూలీలు, మొదలుకు తగలకుండా కాస్త ఎడంగా మొక్కమొక్కకీ వేస్తారు. వెనకాలే తడి పెడతారు.

ఆ వేసేది ఎంతో లెక్క కట్టి చూశాను. రబీ మొక్కజొన్నకు సిఫార్సు ఎకరానికి 80 నుంచి 96 కిలోల నత్రజని. 90 అనుకుందాం. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి అంతా యూరియాగానే వేస్తే సుమారు 195 కిలోలు, అంటే 45 కిలోల బస్తాలు నాలుగు దాటుతాయి. అదే మొక్కకు పంచితే ఆరు గ్రాములు! మొలకెత్తింది మొదలు కండె విరిచేదాకా దానికి దక్కే యూరియా అంతే. ఆ ఆరు గ్రాములూ ఒక్కసారి కాదు. విత్తేటప్పుడు పావు వంతు, 25-30 రోజులకు పావు, 45-50 రోజులకు పావు, 60-65 రోజులకు మిగతాది. ఒక్కో విడతకు గ్రామున్నర, అంటే వేళ్ల మధ్య చిటికెడు. వేలాది మొక్కలకు ఆ చిటికెడు పెద్దగా తేడా రాకుండా పడాలి. ఎకరానికి 35 క్వింటాళ్లు పండితే మొక్కకు నూరు గ్రాముల పైన గింజ వచ్చినట్టు.

విడతలు ఊరికే పెట్టినవి కావు. మొక్క మోకాలి ఎత్తులో ఉండగానే, కాండం లోపల, కంటికి కనపడని కండె మీద ఎన్ని వరుసలుండాలో తేలిపోతుంది. (ఈసారి పొత్తు తినేటప్పుడు లెక్కపెట్టండి: 12, 14, 16, ఎప్పుడూ సరి సంఖ్యే. పూమొగ్గలు జంటలుగా పుడతాయి మరి.) వరుసకు ఎన్ని గింజలన్నది ఆ తర్వాత, పీచు రాబోయే ముందు దాకా తేలుతుంది. జల్లు (మగ పూత) వేళకు మొక్క తనకు కావలసిన నత్రజనిలో సగానికి పైగా పీల్చేసుకుని ఉంటుంది.

తారీఖు చూసి పైపాటుగా ఎరువు వేస్తే చేనంతటికీ ఒకేలా పట్టడం వెనక ఇంకొకరి, అంటే విత్తనం తయారుచేసినవారి, పనితనం ఉంది. మన దేశంలో మొక్కజొన్న పరిశోధనను 1957లో ఒక తాటి మీదికి తెచ్చారు. 1961లో వచ్చిన తొలి హైబ్రిడ్లలో గంగా 1, రంజిత్‌లతో పాటు మన హైదరాబాదులో తయారైన దక్కన్ కూడా ఉంది. ఇప్పటివి ఎక్కువగా సింగిల్ క్రాస్‌లు. హైదరాబాదు రాజేంద్రనగర్ కేంద్రం ఇచ్చిన డీహెచ్‌ఎం 117నే తీసుకోండి. బీఎంఎల్ 6, బీఎంఎల్ 7 అనే రెండు వంశాల సంకరం. అలాంటి వంశాన్ని నిలబెట్టాలంటే మొక్కను తన పుప్పొడితోనే తరతరాలుగా ఫలదీకరించాలి. చివరికి మిగిలేవి బక్కచిక్కిన మొక్కలే. ఆ రెండు బలహీనులకు పుట్టిన బిడ్డ మాత్రం పెద్దల తల దన్నుతుంది, చేలో ప్రతి మొక్కా ఒకే ఎత్తు, దాదాపు ఒకే రోజున జల్లు. డీహెచ్‌ఎం 117లో ఇంకో సుగుణం, కండె పండినా చొప్ప పచ్చగానే ఉంటుంది, పశువులకు పనికొస్తుంది. బజారులో ప్రైవేటు విత్తనాలదే పైచేయి అయినా, ఈ పనికి నా మార్కులు ఎక్కువే.

ఇదే విత్తనాన్ని పాలమూరు ఎర్ర చెలకల్లో వానాధారంగా వేస్తే కథ వేరు. అక్కడ పైపాటు తారీఖు మబ్బు నిర్ణయిస్తుంది. పదును లేని నేలలో యూరియా మొక్కకు అందదు. 1972 నుంచి పటాన్‌చెరులో పనిచేస్తున్న ఇక్రిశాట్ మెట్ట పొలాల మట్టి పరీక్షిస్తే, నీటితో పాటు జింకు, బోరాన్, గంధకం కూడా కరువేనని తేలింది. ఆ లోటు తీరకుండా నత్రజని ఒక్కటే పెంచితే హైబ్రిడ్ బదులు పలకదు.

జింకు గొడవ మాగాణికీ ఉంది. లేత ఆకుల్లో నడిమి ఈనెకు రెండు వైపులా తెల్లటి చారలు దిగితే అదే. కింది ఆకు కొస నుంచి ఈనె వెంట పసుపు లోపలికి పాకితే నత్రజని తక్కువ. ముదురాకు అంచులు మాడితే పొటాష్. చలి రోజుల్లో లేత మొక్క ఊదారంగుకు తిరిగితే భాస్వరం. అనుభవమున్న రైతు గట్టు మీద నుంచే ఇవన్నీ చదివేస్తాడు.

కూలి ఖర్చు చూసి గట్టు మీద నిలబడి యూరియా విసిరే అలవాటు పెరుగుతోంది. రైతు సోదరులకు ఒక మనవి. చేత్తో వేయించే కూలి దగ్గర పిసినారితనం చూపకండి. జల్లు దాటాక పక్క చేను పచ్చగా ఉందని ఇంకో బస్తా కొనకండి. కండె మీద వరుసలెన్నో అప్పటికే తేలిపోయింది.