ఇంటి పునాది: మరస్తంభమా, కాంక్రీటా?

గుర్రంకొండ దుర్గమును చూడబోయిన విద్యార్థులు కొండనెక్కి, దిగువనున్న రంగినీ మహలును చూచి మరలి వత్తురు. ఆ కొండలోని రాయివంటి రాయియే తమ ఇండ్ల క్రింద కూడ పరచుకొని యున్నదని వారికి చెప్పువారు అరుదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల నేల చాలవరకు గ్రానైటు, నైసు శిలలపై ఏర్పడినది. పైన పలుచని ఎఱ్ఱమన్ను, దానిక్రింద శిల శిథిలమై ఏర్పడిన గరుసు, అటుపిమ్మట బండ. ఇచ్చట ఇంటి పునాదిని గూర్చిన చర్చ ఈ పొరలనుండి మొదలు కావలెను. మరస్తంభములను మెచ్చుకొనువారి వాదము అట్లు మొదలగుట లేదు.

ఇంజనీర్లు స్క్రూ పైలు అని పిలుచు మరస్తంభము ఒక ఉక్కు కడ్డీ. దాని అడుగుభాగమున మరచుట్టువలె వంచిన పలక యుండును. యంత్రముతో త్రిప్పిన అది నేలలోనికి దిగును. గొయ్యి త్రవ్వనక్కరలేదు, నీరు పోయనక్కరలేదు, గట్టిపడుటకై రోజుల తరబడి కాచియుండనక్కరలేదు. ఇవన్నియు నిజమే. కాని ఇందువలన కాంక్రీటునకు కాలము చెల్లినదనుట మాత్రము తొందరపాటు.

ఈ సాధనము పుట్టిన చోటును చూడుడు. అంధుడైన అలెగ్జాండర్ మిచెల్ అను ఐర్లండు ఇంజనీరు 1833లో దీనికి పేటెంటు పొందెను. థేమ్సు నదీముఖమునందలి మాప్లిన్ ఇసుకతిన్నెపై దీపగృహమునకై 1838లో ఇట్టి స్తంభములను నాటిరి. ఇసుక, బురద, మెత్తని బంకమన్ను: ఇవి దాని స్వస్థానములు. నేడు కెనడాలో ఇండ్లకు దీనిని వాడుటకు మరియొక కారణము గలదు. శీతకాలమున అచ్చటి నేలలోని నీరు గడ్డకట్టి మంటిని పైకెత్తును. పునాది ఆ లోతును దాటవలెను. గుర్రంకొండలో ఆ బాధ లేదు.

మరస్తంభపు పనితీరులో విద్యార్థులకు ఆసక్తి కలిగించు అంశమొకటి ఉన్నది. దానిని త్రిప్పుటకు పట్టిన బలభ్రామకమును బట్టి అది మోయగల భారమును అంచనా వేయుదురు. సన్నని కడ్డీలకు, ఆ భ్రామకమును టన్ను-మీటరులలో కొలిచి 33చే హెచ్చించిన, గరిష్ఠ భారము టన్నులలో సుమారుగా వచ్చును. 0.6 టన్ను-మీటరు పట్టినచో దాదాపు 20 టన్నులు. అందు సగమే సురక్షితమని లెక్కింతురు. చక్కని సూత్రమే! అయితే పలక మంటిలో పూర్తిగా నాటుకొన్నప్పుడే ఇది చెల్లును. బండకు తగిలిన పలక ముందుకు సాగక, ఉన్నచోటనే తిరుగుచు రాతిని ఒరయును. అప్పుడును భ్రామకము హెచ్చుగనే కనబడవచ్చును. లెక్క గొప్ప బలము చూపును, స్తంభము మాత్రము మూరెడు లోతున ఆగియుండును. మన ప్రాంతమున ఈ సాధనమునకు గల ముఖ్యలోపము ఇదియే.

ఇక కాంక్రీటు పక్షమువారు సంతోషింపనక్కరలేదు. ఒక అంతస్తు ఇంటి గోడ, కప్పుతో సహా, మీటరు పొడవునకు సుమారు 4 టన్నుల భారము మోపుననుకొందము. పునాది వెడల్పు 60 సెంటీమీటరులైన చదరపు మీటరునకు 7 టన్నులు మించదు. భారతీయ ప్రమాణముల పట్టికలో మెత్తని రాతికి 45 టన్నులు, గట్టి గ్రానైటునకు సుమారు 330 టన్నులు అనుమతించిరి. రెండడుగులలో బండ తగులుచుండగా, పట్నమునుండి తెచ్చిన పటమును అనుసరించి ఆ బండనే పగులగొట్టి, ఆ గుంటలో లోతైన కాంక్రీటు దిమ్మెలు పోయుట ధనవ్యయము తప్ప మరేమి? పైగా ఎండ తీవ్రముగా ఉండు పొడి ప్రదేశములలో కాంక్రీటును కనీసము పది దినములు తడుపవలెనని ప్రమాణములు విధించుచున్నవి. నీటికి కటకటయైన ఊళ్లలో రెండవ నాటికే తడుపుట మానుదురు. ఒక అంతస్తు ఇంటికి బండపై నిలిపిన రాతి కట్టుబడి చాలును. ఆ పని ఎరిగిన బేల్దారులు ఈ ప్రాంతమునకు క్రొత్తవారు కారు. పై అంతస్తులు వేయదలచినవారికి స్తంభములు, కాంక్రీటు కావలసినదే. అప్పుడును దిమ్మె చిన్నదైన చాలును.

అసలు ప్రమాదము వేరొకచోట నున్నది. పూడిపోయిన కుంటలను, చెరువు అంచులను మట్టిపోసి చదును చేసి ఇండ్ల స్థలములుగా అమ్మినచోట బండ లోతున ఉండును, పైనున్నది పోసిన మన్ను. అది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ క్రుంగును. కిటికీ మూలలనుండి గోడలు ఏటవాలుగా పగులును. ఒక కుటుంబపు జీవితకాలపు కూడబెట్టు అట్టి గోడలలో చిక్కుకొనును. ఇట్టిచోట మామూలు పునాదికంటె మరస్తంభమే మేలు కావచ్చును, పోసిన మంటిలో బండరాళ్లు లేకున్నచో. నల్లరేగడి నేలలకైతే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన, అడుగున ఉబ్బెత్తు గల కాంక్రీటు స్తంభములు ఉండనే ఉన్నవి.

స్థలము ఎట్టిదో తెలిసికొనుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. సమీపమున పాత దిగుడుబావి యున్న దాని గోడలో మన్ను, గరుసు, బండ ఎంతెంత లోతున ఉన్నవో ఉపాధ్యాయుడు టేపుతో కొలిచి పిల్లలకు చూపవచ్చును. స్థలములోనే మనిషిలోతు గొయ్యి తీసి గడ్డపారతో పొడిచి చూడవచ్చును. కుంటలు, చెరువులు, వంకలు ఎచ్చటెచ్చట ఉండెడివో గ్రామపు పాత సర్వే పటములలో గుర్తింపబడియుండును. కొనుటకు ముందే వానిని చూచుట మంచిది.