పన్ను తీస్తే పెదవికేం?

ఈ వారం గూడెంలో ఒక పెళ్ళికి వెళ్తే, భోజనాల బంతిలో మా మేనకోడలి పళ్ళ మీద పంచాయతీ నడిచింది. పిల్లకి పాతికేళ్ళు దాటాయి. ఎత్తు పళ్ళకి క్లిప్పులు పెట్టించుకుంటానంటే డాక్టరు ముందు నాలుగు పళ్ళు తీయాలన్నాడట. “గట్టి పళ్ళు పీకించుకుంటే నోరు లోపలికి పోయి ముసలమ్మలా అయిపోతావే” అని ఒకావిడ అప్పడం నములుతూనే తీర్పు చెప్పేసింది. నాకూ ఆ డాక్టరు మీద ఒళ్ళు మండింది. ఉన్నదాన్ని తీసేయడమంటే నాకు గిట్టదని ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2006లో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు తప్ప దేన్నీ పీకేయమన్న పాపాన పోలేదు.

ముసలమ్మ అనగానే కైకలూరు పక్కన మా అమ్మమ్మ గుర్తొచ్చింది. నాకు ఊహ తెలిసేసరికే ఆవిడది బోసినోరు. వక్క నమల్లేక చిన్న ఇత్తడి రోట్లో ఆకూ వక్కా సున్నం వేసి టకటకా దంచుకునేది. ఆ ముద్ద బుగ్గన పెట్టి నోరాడిస్తుంటే ముక్కూ గడ్డం ఒకదాన్నొకటి పలకరించుకునేవి. పై పెదవి లోపలికి మడతపడి ఎర్రటి గీత మాత్రం మిగిలేది. ఏలూరులో కట్టించిన పళ్ళ సెట్టు ఉండేది, పెళ్ళిళ్ళకి మాత్రమే. అది పెట్టుకోగానే పోయిన పెదవి తిరిగొచ్చేది! విస్తరి ముందు కూర్చోగానే తీసి కొంగున ముడేసుకునేది.

అమ్మమ్మకి పళ్ళన్నీ పోయి, వాటిని పట్టుకున్న ఎముకా అరిగిపోయింది. పెదవిని నిలబెట్టేవి ముందు పళ్ళు. క్లిప్పుల కోసం సాధారణంగా తీసేది కోరపన్ను వెనకున్న చిన్న దవడ పన్ను, పైన రెండు, కింద రెండు. ఒక్కోటి ఇంచుమించు 7 మిల్లీమీటర్ల వెడల్పు. ఆ జాగాలో కొంత వంకరలు సర్దడానికి పోతుంది, కొంత వెనక పళ్ళు ముందుకు జరిగి మింగేస్తాయి. మిగిలినంత మేరే ముందు పళ్ళు వెనక్కొస్తాయి. పెదవి వాటి వెంట వస్తుంది గానీ అంత దూరం రాదు. మందపు పెదవి మరీ తక్కువ కదులుతుంది, పల్చటిదైతే తేడా ఇట్టే తెలుస్తుంది.

ఈ తగువు పాతదే. అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ పన్ను తీయడానికి ససేమిరా అనేవాడు (మా పార్టీ!). 1930లో ఆయన పోయాక సొంత శిష్యుడు చార్లెస్ ట్వీడే, గురువు పద్ధతిలో సర్దిన నోళ్ళు ముందుకు పొడుచుకొస్తున్నాయని పళ్ళు తీసి మళ్ళీ సర్దాడు. తర్వాత రికెట్స్ అనే ఆయన ముక్కు కొస నుంచి గడ్డం దాకా గీత గీసి, పెదాలు దానికెంత లోపలుండాలో చెప్పాడు. ఆ లెక్క తెల్లవాళ్ళ మొహాలది. మన పెదాలు ఆ గీతని తాకినా, కాస్త దాటినా వింతేం లేదు. దానికోసం పళ్ళు పీకుతానంటే నేనొప్పుకోను.

పన్నెండేళ్ళ పిల్లకైతే ముక్కూ గడ్డం ఇంకా పెరగాలి, ఇవాళ సరిపోయిన పెదవి రేపు లోపలున్నట్టు కనపడొచ్చు. పాతికేళ్ళకి ఆ బెంగ దాదాపు తీరినట్టే. వయసుతో పెదవి పల్చబడడం పన్ను తీసినా తీయకపోయినా తప్పదు.

చేతులు కడుక్కునే చోట మా పిల్లని దగ్గరగా చూశాను. పెదాలు కలవాలంటే బిగపట్టాలి, బిగపడితే గడ్డం మీద బత్తాయి తొక్కలా గుంటలు. నవ్వొస్తే చెయ్యి అడ్డం. పెదవి మందంగానే ఉంది. “ఏం చెయ్యమంటావ్ మామయ్యా?” అంది. దుగ్గిరాల పళ్ళ కాలేజీలో కూడా ఒకసారి చూపించుకుని, పక్కనుంచి తీసిన ఎక్స్‌రే మీద పళ్ళెంత వెనక్కి తెస్తారో అడిగి, తీయించుకోమన్నాను. వాళ్ళక్కవి పల్చటి పెదాలు, పళ్ళు ఎత్తూ కాదు, రెండు కాస్త వంకర అంతే. దానికీ నాలుగు తీస్తామంటే మాత్రం ఇంకో డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను.