ఎవరి ‘మన ప్రపంచం’?

పదో తరగతి ఇంగ్లీషు వాచకం పేరు ‘అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లీష్’. అంటే ఇంగ్లీషు ద్వారా మన ప్రపంచం. 2014లో వచ్చిన ఈ పుస్తకాన్ని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పిల్లలు ఏళ్ళ తరబడి చదివారు. మా అక్క కూతురు కూడా చదివింది. మాచర్ల నుంచి వచ్చి నరసరావుపేటలో మా ఇంట్లో ఉండి పదో తరగతి చదువుకున్న ఏడాది, ఆ పిల్లతోపాటు నేనూ ఈ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను.

మనం వాచకాలను విమర్శకు ఎక్కించం. ఐదొందల కాపీలు వేసిన కవితా సంపుటి మీద సభ పెడతాం, సమీక్ష రాస్తాం, ఆ సమీక్ష మీద మళ్ళీ కొట్లాడుకుంటాం. లక్షలమంది పిల్లలు బట్టీపట్టే పుస్తకంలో ఎవరున్నారో, ఎవరు లేరో మాత్రం చూడం. ఈ పుస్తకం అట్ట మీది ‘మన’ అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ ‘మన’లో మా గల్లీ ఉందా?

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఇది మంచి పుస్తకం. వామన్ హోవాళ్ మరాఠీలో రాసిన దళిత కథ ఇందులో ఉంది. ముంబై డాక్‌యార్డులో రిటైరై సొంతూరుకొచ్చి మేడ కట్టుకున్న బాయాజీ ఇల్లు తగలబడిపోవడం, అతను చనిపోయాక కొడుకులు మళ్ళీ మేడకే పునాది తవ్వడం పిల్లలు చదువుతారు. తమిళం నుంచి ఇమయం కథ ఉంది. అరుణాచల్ నుంచి థోంగ్చీ కథ ఉంది. నైజీరియా కవి ఒకారా ఉన్నాడు. మన పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథ ‘వాట్ ఈజ్ మై నేమ్?’ అయి చివరి యూనిట్‌లో కూచుంది. లండన్ పొగమంచూ, డాఫోడిల్ పూలూ తప్ప ఇంకేమీ లేని వాచకాలతో పోలిస్తే ఇది చాలా దూరం నడిచొచ్చిన పుస్తకం. ఇంత దూరం నడిచింది కాబట్టే, మా గల్లీ మొగదాకా వచ్చి ఎందుకు ఆగిందని అడుగుతున్నాను.

ముస్లిం ఇంటిలోపలికి తీసుకెళ్ళే పాఠం ఇందులో ఒక్కటే ఉంది. అబ్దుల్ కలాం ఆత్మకథలోని ‘మై చైల్డ్‌హుడ్’. రామేశ్వరంలో బడి. కలాం తలమీద టోపీ, పక్కనే కూర్చునే రామనాథ శాస్త్రి ఒంటిమీద జంధ్యం. కొత్తగా వచ్చిన మాస్టారు ఆ జోడీని చూడలేక కలాంని వెనక బెంచీకి పంపుతాడు. శాస్త్రి తండ్రి, గుడి ప్రధాన పూజారి, ఆ మాస్టారిని పిలిపించి గట్టిగా మందలిస్తాడు. మాస్టారు మారతాడు. మరోచోట సైన్సు మాస్టారు అయ్యర్ గారి భార్య తన వంటింట్లో ముస్లిం కుర్రాడికి వడ్డించనంటుంది. అయ్యర్ తనే వడ్డిస్తాడు. తర్వాతసారి ఆమె కూడా వడ్డిస్తుంది.

కలాం గారి జీవితం ఆయనది. అది అలా జరిగింది, అలా రాశారు. దాంతో నాకు పేచీ లేదు. పేచీ ఎంపికతో. రెండు గాయాలూ నాలుగు పేజీల్లో మానిపోతాయి. రెండింటినీ మాన్పింది అవతలివైపు పెద్దమనిషే. కుర్రాడు బాధపడతాడు, చూస్తాడు, అంతే. పైగా ఇది 1930లు, 40ల నాటి మాట. పుస్తకం మొత్తంలో ఒకే ఒక ముస్లిం ఇల్లు, అదీ ఎనభై ఏళ్ళ కిందటిది, అదీ రాష్ట్రపతి కాబోయే పిల్లవాడిది! రాష్ట్రపతి కాలేని సాయిబుల పిల్లలకు ‘మన ప్రపంచం’లో చోటు ఎక్కడ?

ఆ పాఠం చదివే ఏడాదే మా పిల్ల టోపీ దగ్గర ఆగి “మామూ, స్కార్ఫ్ కూడా ఇట్లాంటిదేనా?” అంది. కర్ణాటక కాలేజీల్లో హిజాబ్ గొడవ అప్పటికింకా చల్లారలేదు. 2022 మార్చి 15న అక్కడి హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరొక తీర్పు చెప్పారు. ఆ రెండో వార్తను ఇంగ్లీషు పేపర్లో, పక్కన డిక్షనరీ పెట్టుకుని, మా పిల్ల రెండు గంటలు చదివింది. స్ప్లిట్ వెర్డిక్ట్ అనే మాట ఆమెకు ఏ మాస్టారూ నేర్పలేదు. తన నెత్తిమీది గుడ్డ గురించి ఢిల్లీలో ఏమంటున్నారో తెలుసుకోవాలన్న ఆత్రమే నేర్పింది. నా ఇరవయ్యేళ్ళ జర్నలిజంలో ఇంగ్లీషు అంత శ్రద్ధగా చదివిన మనిషిని నేను చూడలేదు.

చదవడం అంటే మా గల్లీలో ఏమిటో హిందూ మిత్రులకు కాస్త చెప్పాలి. మా పిల్లలు ఐదు లిపులు చదువుతారు. అరబ్బీ, ఉర్దూ, తెలుగు, హిందీ, ఇంగ్లీషు. పొద్దున్నే మసీదులో నాజరా చదవడమంటే అర్థంతో పనిలేకుండా ఒక్క అక్షరం తప్పకుండా పలకడం. అది ఇబాదత్, దాని లెక్క వేరు. కానీ అదే అలవాటు బడిలో ఇంగ్లీషు పీరియడ్‌కి కూడా వచ్చేస్తుంది. గడగడా చదివితే ఇంగ్లీషు వచ్చినట్టే. ఇది మా ఒక్కళ్ళ జబ్బే అనుకోవద్దు. ‘కన్యాశుల్కం’లో వెంకమ్మ ముచ్చటపడి, కొడుకునీ గిరీశాన్నీ ఒక్కసారి ఇంగ్లీషులో మాట్లాడమంటుంది. గిరీశం నోటికొచ్చిన పద్యం ముక్కలూ, వెంకటేశం వాచకం వాక్యాలూ అప్పజెబుతారు. తల్లి పొంగిపోతుంది. గురజాడ ఆ నాటకాన్ని 1897లో అచ్చువేశాడు. అగ్రహారంలోనూ తురకపాలెంలోనూ ఇంగ్లీషు ఒకేలా దిగిందన్నమాట.

కానీ మా గల్లీలో ఇంకో ఇంగ్లీషు ఉంది. దాన్ని ఇంగ్లీషని ఎవరూ ఒప్పుకోరు. లారీ షెడ్లలో పనిచేసే మా కుర్రాళ్ళకు గేరు, క్లచ్ ప్లేటు, బేరింగు, యాక్సిల్, గ్యాస్కెట్ అన్నీ తెలుసు. టైలరు ఖాలాకి కాలరు, కఫ్, హుక్కు, లైనింగ్ తెలుసు. సెల్లు రిపేరు చేసే అన్వర్‌కి డిస్‌ప్లే, సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ తెలుసు. సాయంత్రాలు నా దగ్గరకొచ్చే పిల్లల్లో పంక్చర్ షాపు వాళ్ళబ్బాయి ఒకడు. వాచకంలో ‘జాక్’ అనే మనిషి పేరు రాగానే పడీపడీ నవ్వాడు. వాడికి తెలిసిన జాక్ లారీని పైకెత్తేది. ఆధునిక జీవితపు వస్తువుల పేర్లు మా దగ్గర ఇన్ని ఉన్నాయి. మా దగ్గర లేనివి వాక్యాలు. బడి వాక్యాలిస్తుంది, అయితే అవి వేరేవాళ్ళ వస్తువుల గురించి. షెడ్డులో పేర్లు, బడిలో వాక్యాలు. ఈ రెండూ కలిసే చోటు మా పిల్లల చదువులో ఎక్కడా లేదు.

ఆ జాక్ ఉన్న పాఠం ‘ది నెవర్ నెవర్ నెస్ట్’. సెడ్రిక్ మౌంట్ రాసిన ఏకాంక. జాక్, జిల్ అనే కొత్త జంట. ఇల్లు, కారు, పియానో, కుర్చీలు అన్నీ వాయిదాల మీద కొన్నవే. జీతం కంటే వాయిదాలు ఎక్కువ, ఆ తేడాకి మళ్ళీ అప్పు. చూడ్డానికొచ్చిన అత్త జాలిపడి చెక్కు ఇస్తే, జిల్ దాన్ని డాక్టరుకు పంపుతుంది. పురుడు బిల్లు ఇంకొక్క వాయిదా కడితే పాప పూర్తిగా తమదవుతుందట! గొప్ప నాటిక. క్లాసంతా నవ్వుతుంది.

పల్నాటిలో వాయిదా తెలియని ఇల్లు ఏది? 2010 అక్టోబర్‌లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ళను అదుపు చేయడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు ఈ పాఠం పిల్లల చేతికొచ్చింది. అయినా పాఠం కింద ప్రశ్నల్లోగానీ, పరీక్షలో అడిగే ‘డిస్కోర్సు’ల్లోగానీ పిల్లల ఇంటి వాయిదా ప్రసక్తే రాదు. జిల్ డైరీ రాయమంటారు. జాక్‌కీ అత్తకీ మధ్య సంభాషణ పొడిగించమంటారు. గైడులో జిల్ డైరీ రెడీగా ఉంటుంది, బట్టీ పడితే మార్కులు. మా అక్క డైరీ ఏ గైడులోనూ ఉండదు.

‘వాట్ ఈజ్ మై నేమ్?’ విషయంలోనూ ఇంతే. ఇల్లు అలికీ అలికీ తన పేరు మర్చిపోయిన ఇల్లాలి కథ. తెలుగు కథ ఇంగ్లీషై మన బడికే తిరిగిరావడం నాకు గర్వంగా ఉంది. అయితే మా ఆడవాళ్ళ పేర్లు మరో రకంగా కూడా పోయాయి. మా ఇళ్ళలో సగం మందికి ఇంటిపేరు ‘షేక్’. ఇంగ్లీషులో దాని చివర ‘హెచ్’ ఉందా లేదా, మధ్యలో ‘ఏఐ’నా ‘ఈఐ’నా అన్నది రాసే గుమస్తా దయ. రేషన్ కార్డులో ఒక రకం, ఆధార్‌లో ఒక రకం, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకో రకం. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మా గల్లీలో ముసలివాళ్ళు కూడా కాగితాలు సంచిలో వేసుకుని నా దగ్గరకొచ్చారు. “బేటా, ఇందులో నా పేరు నా పేరేనా చూడు” అన్నారు. చదువురాని మా నానీ జీవితంలో నేర్చుకున్న ఇంగ్లీషు ఆ ఒక్క అక్షరం, హెచ్. ఆ కథ క్లాసులో చెప్పేటప్పుడు ‘మీ అమ్మ పేరు ఏ కాగితంలో ఎలా ఉంది?’ అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే, మానవ హక్కుల యూనిట్ అని పేరు పెట్టినందుకు అర్థం ఉండేది.

2019 నవంబర్‌లో ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తూ జీవోలు వచ్చాయి. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది. మధ్యలో తెలుగు పండితులు ఒకవైపు, దళిత బహుజన మేధావులు ఒకవైపు నిలబడి వాదించుకున్నారు. ఇంగ్లీషు పేదవాడి హక్కు అన్నవాళ్ళ వైపే నేనున్నాను, ఇప్పటికీ ఉన్నాను. కానీ ఆ వాదనలో అమ్మభాష అంటే తెలుగే అని రెండు పక్షాలూ అనేసుకున్నాయి. మా ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు. మా పక్క సందులో దూదేకుల ఇళ్ళలో పూర్తిగా తెలుగే. హైదరాబాద్‌లో ఉర్దూకి 1918లోనే ఉస్మానియా యూనివర్సిటీ ఉంది. మద్రాసు రాజధానిలో ఉండిపోయిన మా పల్నాటి ఉర్దూకి దక్కింది మసీదూ, ఒకటి రెండు ప్రైమరీ బడులూ. ఇంగ్లీషు మాకు మూడో మెట్టు. మొదటి రెండు మెట్ల గురించి మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఇంతా చెప్పి మావాళ్ళను వదిలేస్తే అన్యాయం. ఉర్దూ తెలిసిన పెద్దలు మీర్‌నీ గాలిబ్‌నీ తలుచుకుని కళ్ళు తుడుచుకుంటారు తప్ప, గల్లీ పిల్లకు ఒక పేజీ వచనం రాసివ్వరు. తెలుగులో రాసే మేమేం చేశాం? 1991లో ‘పుట్టుమచ్చ’ వచ్చింది. 1998లో ‘జల్జలా’ వచ్చింది. 2004లో ముస్లిం కథలు ‘వతన్’గా వచ్చాయి. ఈ వాచకం అచ్చయ్యేటప్పటికి ఆ కథలకు పదేళ్ళ వయసు. మరాఠీ దళిత కథ, తమిళ కథ, సత్యవతి కథ అనువాదమై లోపలికి వెళ్ళాయంటే దారి తెరిచే ఉందన్నమాట. మా కథల్లో ఒక్కటీ ఇందులోకి వెళ్ళలేదు. కమిటీ చూడలేదని నిందించే ముందు, పదో తరగతి పిల్ల చదవగలిగే ఇంగ్లీషులో వాటిని ఎవరు పెట్టారు? నేను పెట్టలేదు. రెండు భాషల జర్నలిస్టునని కార్డు మీద వేసుకున్నాను కానీ, మూడోదాన్ని ఉద్యోగం దరఖాస్తులకే వాడాను.

నెవర్ నెవర్ నెస్ట్ పాఠం అయిపోయిన వారం మా పిల్లను జిల్ డైరీ కాదు, మీ అమ్మ డైరీ రాయమన్నాను. “హమారే ఘర్ కా కౌన్ పూఛ్తా మామూ?” అంది. పరీక్షలో రాదు కదా అని ఆమె బాధ. చివరికి రెండు రాత్రులు కూర్చుని ఒక పేజీ రాసింది.

ఆ పేజీలో మా అక్క వాయిదాల మీద ఫ్రిజ్ కొంటుంది. షోకుకి కాదు, ఎండాకాలం పాల ఐసులూ పెరుగు ప్యాకెట్లూ అమ్ముకోవడానికి. ప్రతి సోమవారం గ్రూపు మీటింగు. ఒకామె కట్టకపోతే మిగతా తొమ్మిదిమందీ కదలడానికి లేదు. వడ్డీ హరాం అని జుమ్మా బయానులో విన్నరోజు అక్కకు నిద్రపట్టదు. సోమవారం పొద్దున మళ్ళీ డబ్బులు లెక్కపెట్టుకుంటుంది. జాక్, జిల్ నవ్వించారు, ఈ పేజీలో నవ్వు లేదు. వ్యాకరణం తప్పులు పదిహేడున్నాయి, నేనే లెక్కపెట్టాను. కానీ ‘మై మదర్’ అని మొదలైన ప్రతి వాక్యానికీ కర్త ఉంది, క్రియ ఉంది, మధ్యలో మా ఫ్రిజ్ ఉంది.

ఒకచోట మాత్రం ఆగిపోయింది. చివరి వాయిదా కట్టినరోజు అక్క ఐసుల డబ్బా మీద చెయ్యిపెట్టి బర్కత్ కోసం దువా చేసిందని రాయాలి. బర్కత్‌కి ఇంగ్లీషేమిటని అడిగింది. లాభం కాదు, అదృష్టం కాదు, దీవెన కొంచెం దగ్గర గానీ అదీ చాలదు. నాకూ తోచలేదు. ‘బర్కత్’ అనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేసింది. మర్నాడు బడికి తీసుకెళ్ళి చూపించింది. ఆ మాట కింద ఎర్రగీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఇచ్చారు. మిగిలిన పదిహేడు తప్పులూ దిద్దుకుంటూ తిరిగి మంచిగా రాసింది. బర్కత్‌ని మాత్రం అలాగే ఉంచింది.