పది అణాల సీసా

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు వినగానే ఆంధ్రపత్రిక, భారతి, ఆంధ్రోద్యమం గుర్తొస్తాయి. దేశోద్ధారకుడిగా ఆయన గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ రాతల్లో అమృతాంజనం అమ్మకం మాత్రం నాలుగైదు వాక్యాల్లో తేలిపోతుంది. నాకు ఆ నాలుగైదు వాక్యాల దగ్గరే ఆగాలనిపిస్తుంది. చేతిలో డబ్బూ, వెనక పేరూ లేకుండా వ్యాపారంలోకి దిగే కుర్రవాళ్లు పట్టుకుని చూడాల్సిన పనితనం అందులో ఉంది.

పంతులుగారిది కృష్ణా జిల్లా. 1867లో పుట్టారు, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకున్నారు. వ్యాపారం నేర్పిన బడి మాత్రం వేరు. కలకత్తాలో కొంతకాలం మందుల వ్యాపారంలో పనిచేశారు. ఆ తరవాత బొంబాయి వెళ్లి విలియం అండ్ కంపెనీలో కుదిరారు. ఇంకొకరి కొట్టులో ఉంటే సరుకు రాకడా, బాకీల వసూలూ, కొనేవాడి తటపటాయింపూ రోజూ కళ్లెదుటే నడుస్తాయి. చూసే కన్నుంటే అంతకు మించిన చదువు లేదు. 1893లో అమృతాంజనం మొదలుపెట్టేనాటికి ఆయనకు పాతికేళ్లు దాటాయంతే.

సీసా వెల 10 అణాలు పెట్టారు. రూపాయికి 16 అణాలున్న రోజుల్లో అది చవక సరుకు కాదు. పైగా అమ్మేది ఊరుకాని ఊళ్లో ఒక తెలుగు కుర్రవాడు, సరుకేమో ఎవరూ ఎన్నడూ వినని లేపనం. ఇలాంటప్పుడు చాలామందికి మొదట తట్టే ఉపాయం ధర తగ్గించడం. ఆయన ధర జోలికి పోకుండా కొనేవాడి మనసులోని అనుమానం మీద పనిచేశారు. సంగీత కచేరీలు జరిగే చోటికి వెళ్లి, వచ్చిన శ్రోతలకు అమృతాంజనం ఊరికే పంచిపెట్టారు.

ఊరికే ఇవ్వడం ఎవరైనా చేయగలరు. ఎక్కడ ఇచ్చారన్నదే నన్ను ముగ్ధుణ్ణి చేస్తుంది. కచేరీ అంటే గంటల తరబడి కూర్చోవడం. విద్యుత్ పంకాలు ఇంకా రాని కాలం, నిండిన జనం, దీపాల వేడి. సగం కచేరీ అయ్యేసరికి ఎవరికో ఒకరికి తల దిమ్మెక్కక మానదు. అదే బజార్లో ఇచ్చి ఉంటే, పుచ్చుకున్నవాడు జేబులో వేసుకుని తన దారిన తను పోయేవాడు. ఇక్కడ ఎక్కడికీ పోడు. రాసుకుంటాడు, కుదురుగా కూర్చుంటాడు, మందు పనిచేసిందో లేదో తనే తేల్చుకుంటాడు. పక్కవాడికి అడక్కుండానే వాసన తగులుతుంది, ఏమిటండీ అది అని అడుగుతాడు. ఇక జవాబు చెప్పేది వాడి చూసినవాడే, అమ్మేవాడు నోరు మెదపనక్కర్లేదు. కచేరీలకు వచ్చేవాళ్లు 10 అణాలు పెట్టగలిగినవాళ్లు, మర్నాడు నలుగురి మధ్యా కూర్చుని రాత్రి పాట గురించి ముచ్చటించుకునేవాళ్లు. ఆ ముచ్చట్లోకి సీసా కూడా దొర్లుతుంది.

సరుకు ఎంపికలోనూ ఇంతే నేర్పు కనిపిస్తుంది. అందులో కర్పూరం ఉంది, పుదీనా పువ్వు ఉంది. పుదీనా పువ్వు చర్మంలో చల్లదనాన్ని తెలిపే నాడుల్ని తట్టిలేపుతుంది. అందుకే రాసిన కాసేపట్లోనే నుదురు చల్లబడినట్టు ఉంటుంది. మండలం రోజులు తింటే గానీ గుణం తెలియని ఏ లేహ్యమో అయితే కచేరీలో పంచి ప్రయోజనం ఉండేది కాదు. వేలి కొసకు అంటినంత చాలు కాబట్టి ఒక్క సీసాతో ఎన్నో నుదుళ్లకు రుచి చూపించవచ్చు. పంపకానికయ్యే ఖర్చు చేతిలో ఉంటుంది.

ఇక ఆ పసుపు రంగు, ఆ ఘాటు. చదువు రానివాడు కూడా కళ్లు మూసుకుని పోల్చుకోగల గుర్తు ఆ వాసన. బ్రాండింగ్ అని మనం ఇప్పుడు పెద్ద పెద్ద జీతాలిచ్చి చేయించుకుంటున్న పని ఇదే. ఇవాళ్టికీ మన ఇళ్లల్లో తలనొప్పని ఎవరైనా ముసుగు పెడితే "కాస్త అమృతాంజనం రాసుకోరాదూ" అంటారు, అలమరలో ఉన్నది ఏ కంపెనీ డబ్బా అయినా సరే.

డబ్బు వచ్చాక ఆయన చేసిన పనిలోనూ అమ్మకందారు కనిపిస్తాడు, కానీ ఎంత నిగ్రహమున్న అమ్మకందారు! 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలైంది. 1914లో మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. 1924లో భారతి వచ్చింది. లేపనం మీద వచ్చిన లాభం వీటిని పోషించింది, వీటి పేజీల్లో లేపనం ప్రకటనలు పడ్డాయి. తన పత్రికే కదా అని దాన్ని తన సీసాకు బాకాగా మార్చుకోవడం ఆయనకు ఎంతసేపు? మార్చుకోలేదు. ప్రకటన ప్రకటనగానే ఉంది, మిగతా పేజీలు చరిత్రకారులకూ కవులకూ పండితులకూ వదిలేశారు. తెలుగు సాహిత్యంలో భారతిలో అచ్చు కావడమే ఒక యోగ్యతాపత్రంగా చెల్లింది. 1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది, 1938లో పంతులుగారు కన్నుమూశారు. ఆంధ్ర గ్రంథమాల పేరిట ఆయన చవకగా అచ్చువేయించిన పుస్తకాలకు కాగితం ఖర్చు పెట్టిందీ ఆ పది అణాల సీసాయే.