అమ్మకూ ఒక పలక

పిల్లల చదువు గురించి మీటింగు అంటే ఊళ్లో తల్లులు వస్తారు. పెద్దల చదువు గురించి అంటే రారు. రాత్రిబడి నడిపిన ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. "ఈ వయసులో నాకెందుకు టీచరమ్మా, పిల్లకు నాలుగు ముక్కలొస్తే చాలు" అనే జవాబు నాకు కంఠతా వచ్చేసింది. అందులో సిగ్గుంది, అలసట ఉంది, కాస్త నిజమూ ఉంది. పొద్దంతా కలుపు తీసి, ఇంటికొచ్చి వంట చేసి, అంట్లు తోమిన మనిషిని రాత్రి ఎనిమిదింటికి పిలిచి అఆలు దిద్దమంటే, ఎందుకని అడగదా మరి?

అందుకే నేను కొన్నేళ్లుగా కుటుంబ తరగతుల వైపు మళ్లాను. తల్లీ పిల్లా, వీలైతే అవ్వా తాతా, ఒకే చాప మీద కూర్చుంటారు. పిల్లను ఎవరికి అప్పజెప్పి రావాలన్న బెంగ ఉండదు. 'పాప చదువు కోసం వెళ్తున్నా' అంటే ఇంట్లో అడ్డుపడేవాళ్లూ తక్కువే. పద్ధతి కూడా సులువైనదే. కాసేపు పెద్దలకు విడిగా, కాసేపు పిల్లలకు విడిగా, ఆ తర్వాత అందరూ కలిసి ఒక పని.

ఆ కలిసి చేసే పనిలోనే పస అంతా ఉంది. మా వరండాలో బాగా పండే పాఠం కార్తెలది. మృగశిరకు చేపలు ఎందుకు తింటారు, ఆరుద్రలో ఏం విత్తుతారు, పదును చూసేదెలా అన్నది అవ్వ చెబుతుంది. ఐదో తరగతి మనవరాలు ఆ మాటల్లోనే రాస్తుంది. రాసిందాన్ని ఇద్దరూ వేలు పెట్టి చదువుతారు. తాను చెప్పిందే కాబట్టి తర్వాతి మాట ఏమిటో అవ్వకు ముందే తెలుసు. కొత్త అక్షరానికి ఆ పాత మాటే ఊతం. మనవరాలికేమో పాఠ్యపుస్తకంలో కనబడని అదను, సాలు, పదును వంటి మాటలు దొరుకుతాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియక పిల్ల ఆగితే, అవ్వ ఆ మాటను సాగదీసి మళ్లీ పలుకుతుంది. అక్కడ ఎవరు ఎవరికి చదువు చెబుతున్నారో తేల్చడం కష్టం.

మిగతా సాయంత్రాల్లో పాఠాలు ఇళ్లలోంచే వస్తాయి. రేషన్ కార్డు, పొదుపు సంఘం పాసుబుక్కు, పురుగుమందు డబ్బా మీది హెచ్చరిక, జ్వరం సిరప్పు మీద ఉండే తేదీ. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ఈ లెక్క పిల్లకు హోంవర్కు. తల్లికి మాత్రం అది వచ్చే నెల ఎవరి దగ్గర అప్పు చేయాలన్న ప్రశ్న. ఇద్దరూ కలిసి వేసిన లెక్క పిల్లకూ త్వరగా మరపు రాదు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరికా చేయాలి. ఈ తరగతులను మెచ్చుకునేవారిలో చాలామంది తల్లిని పిల్ల చదువుకు పనిముట్టుగా చూస్తారు. ఆమెకు నాలుగు అక్షరాలు నేర్పితే ఇంట్లో జీతం లేని ట్యూషన్ టీచరు తయారవుతుందని వారి లెక్క. 'చదువురాని తల్లి వల్లే పిల్ల వెనకబడింది' అనే నింద కూడా దాని వెనకే వస్తుంది. నా వాదన వేరు. తల్లి తన కోసం నేర్చుకునే చోటే పిల్లకూ మేలు ఎక్కువ.

దీనికి దూరదేశపు సాక్ష్యం ఒకటుంది. 1982లో ఇస్తాంబుల్ పేదవాడల్లో చీదెమ్ కాగిత్‌చిబాషి అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో తల్లుల శిక్షణ మొదలుపెట్టారు. పిల్లలతో ఇంట్లో చేయించాల్సిన పనులతో పాటు తల్లులు గుంపుగా కూర్చుని మాట్లాడుకునే సమావేశాలూ ఉండేవి. రెండో ఏడాది ఆ సమావేశాల్లో వాళ్ల సొంత అవసరాలకే పెద్దపీట వేశారు. ఇరవై ఏళ్లు దాటాక మళ్లీ వెళ్లి చూస్తే, అలాంటి తోడ్పాటు దొరకని పిల్లలతో పోలిస్తే ఆ పిల్లల్లో ఎక్కువమంది యూనివర్సిటీ దాకా చదివారు. అంతకు ముందే, తొలిసారి చూసినప్పుడే, ఇంట్లో ఆ తల్లుల మాటకు విలువ పెరిగిందని తేలింది.

మన దేశంలో 'ప్రథమ్' సంస్థ బిహార్, రాజస్థాన్‌లలో కొన్ని ఊళ్లలో తల్లులకు అక్షరాలు నేర్పింది. కొన్ని ఊళ్లలో పిల్లల చదువులో పాలుపంచుకోవడం నేర్పింది. మరికొన్నిచోట్ల రెండూ చేసింది. 480 గ్రామాల్లో జరిగిన ఈ పరిశీలన ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. పిల్లల చదువులో పెరుగుదల చిన్నదే, కానీ రెండూ కలిపిన చోటే ఎక్కువ. అమెరికాలో 1980ల చివర మొదలైన 'ఈవెన్ స్టార్ట్' అనే కుటుంబ అక్షరాస్యతా పథకం మాత్రం ఆశించినంత ఫలితం చూపలేక 2011 నాటికి నిధులు పోగొట్టుకుంది. చాలా కుటుంబాలు అక్కడ గడిపిన గంటలే తక్కువ. వచ్చేవాళ్లను నిలుపుకోలేని తరగతి ఏ దేశంలోనైనా కాగితం మీదే మిగులుతుంది.

నిలుపుకోవడం ఎలాగో నెల్లూరు ఎప్పుడో చూపించింది. 1990ల మొదట్లో అక్కడి సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మహిళల చేతికిచ్చిన వాచకంలో సారా వల్ల చితికిన బతుకుల గురించిన 'సీతమ్మ కథ' ఉంది. అది వాళ్ల ఇంటి కథే. పాఠం చదివినవాళ్లు చర్చించుకున్నారు. ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊళ్లో మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ రాత్రిబడులకు వెళ్లినవాళ్లెవరూ పిల్లల మార్కుల కోసం వెళ్లలేదు. అయినా తండ్రి తాగుడు తగ్గిన ఇంట్లో మొదట లాభపడింది పిల్లలే.

ఇప్పుడు 2022-27 కాలానికి కేంద్రం 'ఉల్లాస్' అనే వయోజన విద్యా పథకం నడుపుతోంది. పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యులకు వాలంటీర్లు చదువు చెబుతారు. మంచిదే. కానీ అదే మహిళ అంగన్‌వాడీ రిజిస్టరులో ఒకచోట, బడి తల్లిదండ్రుల కమిటీలో ఇంకోచోట, పొదుపు సంఘంలో మరోచోట ఉంటుంది. ఆమె ఇల్లు ఒకటే, ఉల్లాస్‌తో కలిపి శాఖలు నాలుగు. కుటుంబ తరగతికి కొత్త భవనం అక్కర్లేదు. బడి వరండా, గ్రంథాలయం, సంఘం మీటింగు జరిగే అరుగు, ఏదైనా చాలు. కావలసింది ఆ నాలుగు శాఖలూ ఒక సాయంత్రాన్ని పంచుకోవడం, చదువు చెప్పే ఊరి అమ్మాయికో అబ్బాయికో క్రమం తప్పని గౌరవ వేతనం, నాట్లప్పుడూ పత్తి తీతప్పుడూ సెలవు. తండ్రులు రారని చేతులెత్తేయనక్కర్లేదు. ఫోన్‌లో డబ్బు పంపడమో, పంట నమోదో పాఠంగా పెడితే వాళ్లూ వచ్చి వెనకవరుసలో కూర్చుంటారు.

ఇలాంటి కార్యక్రమం మీ ఊరికి వస్తే మొదటిరోజే వెళ్లి తల్లి చేతిలో ఏం పెట్టారో చూడండి. పిల్ల హోంవర్కు పుస్తకం మాత్రమే ఉంటే అది ట్యూషను. ఆమెకంటూ ఒక పలక, ఆమె అడిగిన పాఠం ఉంటే మాత్రం పక్కింటివాళ్లను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.