తొమ్మిది కాదు, నకారపొల్లు

హోసూరు నుంచి రాయకోట వెళ్లే దారిలో కెలమంగలం వస్తుంది. అక్కడ బోర్డుల మీద తమిళం, ఇళ్లలో తెలుగు, కన్నడం. ఈ మూడు భాషలు కంప్యూటర్ లోపల కూడా ఇరుగుపొరుగులే. అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్ పట్టికలో వాటివి వరుసగా మూడు వీధులు, వీధికి 128 గడులు. 'త' వర్గపు 'న' తమిళంలో 2984వ సంఖ్య, తెలుగులో 3112, కన్నడంలో 3240. పక్కపక్కనున్న ఏ రెండింటి మధ్య చూసినా తేడా సరిగ్గా 128. మన భాషల కోసం తయారైన ఇస్కీ పట్టిక నుంచి వచ్చిన పొందిక ఇది.

ఈ పొందికలోకి 2021 సెప్టెంబరులో ఒక పాత అక్షరం వచ్చి చేరింది. దాని పేరు నకారపొల్లు. అచ్చు లేని 'న్'కు పాత తాళపత్రాల్లో, తొలినాటి అచ్చు పుస్తకాల్లో వాడిన రూపం ఇది. ఇప్పుడు మనం 'న'కు పొల్లు తగిలించి రెండు గుర్తులతో రాసేదాన్ని అప్పటివాళ్లు ఒకే గీతలో ముగించారు. పద్యపాదాల చివర అది తరచుగా కనిపిస్తుంది.

చిక్కల్లా దాని ఆకారంతోనే వచ్చింది. అది అచ్చం తెలుగు అంకె '౯'లా ఉంటుంది. యూనికోడ్‌లో దానికి చోటు లేని రోజుల్లో, పాత పుస్తకాలను టైపు చేసినవాళ్లు ఆ అంకెనే వాడుకున్నారు. 'వచ్చెన్' అన్న మాట 'వచ్చె౯' అయింది. చదివే మనిషికి ఇబ్బంది లేదు, సందర్భం చూసి సరిపెట్టుకుంటాడు. యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. దానికి 3183వ సంఖ్య ఎప్పుడూ తొమ్మిదే. మాటను బయటికి చదివే సాఫ్ట్‌వేర్‌కు పద్యం మధ్యలో అంకె తగులుతుంది. 'వచ్చెన్' కోసం వెతికితే ఆ పద్యం దొరకదు.

యూనికోడ్ 14వ కూర్పు నకారపొల్లుకు ఇచ్చిన సంఖ్య 3165. దాన్ని అంకెల వరసలో కాక అక్షరాల జాతిలో చేర్చారు. అదే కూర్పులో కన్నడ నకారపొల్లుకూ చోటు దొరికింది. దాని సంఖ్య 3293. తేడా మళ్లీ 128! పాత పొందికకు కొత్తగా వచ్చిన అక్షరం కూడా భంగం కలిగించలేదు. వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు నకారపొల్లు 224, 177, 157 అనే మూడు బైట్లుగా నిలుస్తుంది. రెండు గుర్తుల 'న్'కు ఆరు బైట్లు కావాలి.

ఈ పనిలో నాకు గొప్పగా తోచేది ఒకటే. అక్షరం ఎలా కనిపిస్తుందన్నది కాదు, అది ఏమిటన్నది నమోదు చేశారు. ఆకారం ఫాంటు చూసుకుంటుంది, జాతిని పట్టిక చెబుతుంది. మంగోలియన్ లిపిలోనూ ఇలాంటి దిద్దుబాటే జరిగింది. మాట చివరి అచ్చును కాస్త ఎడంగా నిలిపే కంటికి కనబడని గుర్తు ఒకటి అక్కడుంది. అది మాటలో భాగమే అయినా, చాలాకాలం దాన్ని ఖాళీల జాతిలో లెక్కించారు. 2013లో వచ్చిన కూర్పులో ఆ జాతి మార్చారు.

అయితే 'న్', నకారపొల్లు రెండూ ఒకటేనని యూనికోడ్ తనంతట తాను అనుకోదు. వెతుకులాట సాధనాలు తయారుచేసేవాళ్లే ఆ రెంటినీ కలపాలి. పాత పద్యాలను టైపు చేసేవారికి నా మనవి: నకారపొల్లు ఉన్నచోట తొమ్మిది పెట్టకండి. దాని సొంత గడి ఇప్పుడు దానికుంది. ఇదివరకు టైపు చేసిన పుస్తకాల్లోనూ ఆ తొమ్మిదులను ఒక్కొక్కటిగా సరిదిద్దండి.