రాత్రి ఆకాశమే ప్రార్థన గంట

చుక్కల ఆకాశం చూసి మనసు కరిగి, దేవుణ్ణి తలచుకోవడం ఏ మతంలోనైనా ఉన్నదే. క్రైస్తవం అంతటితో ఆగలేదు. ఎప్పుడు నిద్ర లేవాలి, ఎన్ని కీర్తనలు పాడాలి, ఈస్టర్ ఏ ఆదివారం చెయ్యాలి అన్నవి కూడా రాత్రి ఆకాశాన్ని చదివే తేల్చుకుంది. ఆ చదువే మన ఆరాధనకు వెన్నెముక అని నా నమ్మకం.

గడియారాలు లేని కాలంలో మఠాల్లో చీకటి ఉండగానే లేచి ప్రార్థన చెయ్యాలి. అందరినీ లేపే పని ఒక సన్యాసిది. 5వ శతాబ్దంలో మఠ నియమాలు రాసిన జాన్ కాసియన్ అతనికి ఒక జాగ్రత్త చెప్పాడు. రోజూ ఆ వేళకే మెలకువ వచ్చే అలవాటున్నా సరే, ఆ అలవాటును నమ్ముకోకూడదు. బయటికి వెళ్లి చుక్కల నడక చూసుకున్నాకే తోటివాళ్లను లేపాలి.

ఆ చూడటం ఎలాగో తర్వాతి శతాబ్దంలో ఒక బిషప్ పుస్తకంగానే రాశాడు. ఆయన నేటి ఫ్రాన్స్‌లోని తూర్ నగరానికి చెందిన గ్రెగరీ. పుస్తకం పేరు ‘దె కుర్సు స్టెల్లారుమ్’, అంటే నక్షత్రాల గమనం గురించి. మనుషులు కట్టిన అద్భుతాలు కాలంతో పాటు శిథిలమవుతాయి, దేవుడు చేసినవి రోజూ కొత్తగా నడుస్తాయి అంటూ మొదలుపెడతాడు. సముద్రపు పోటు, విత్తు మొలవడం, సూర్యుడు, చంద్రుడి వృద్ధిక్షయాలు చెప్పి, అసలు పనిలోకి దిగుతాడు. ఏ నెలలో ఏ చుక్క ఎప్పుడు పొడుస్తుంది, అది పొడిచాక ప్రార్థన మొదలుపెడితే తెల్లవారేలోపు ఎన్ని కీర్తనలు పూర్తవుతాయి అని లెక్క చెబుతాడు. ఆయనకు కాలాన్ని కొలిచే కొలత కీర్తనే. కవుల పురాణ నామాలు పక్కనపెట్టి, పల్లె జనం పిలుచుకునే పేర్లు వాడాడు. హంస ఆకారమని ఖగోళ శాస్త్రం చెప్పే నక్షత్ర మండలం ఆయనకు పెద్ద సిలువ. వేగుచుక్క చూసి నాగలి కట్టిన మన రైతులకు ఈ పుస్తకం పరాయిదిగా అనిపించదు.

ఇక చంద్రుడి సంగతి. యేసు సిలువ మరణం యూదుల పస్కా పండుగ వేళ జరిగింది. పస్కా నీసాను నెల పున్నమికి వస్తుంది. అంటే గెత్సేమనే తోటలో ఆయన ప్రార్థించిన రాత్రి నిండు వెన్నెల. ఆ వెన్నెల్లోనే ఆయన్ను పట్టుకోవడానికి వచ్చినవాళ్లు దివిటీలు, దీపాలు తెచ్చారని యోహాను సువార్త చెబుతుంది. ఒలీవ చెట్ల నీడల్లో వెతకడానికేనేమో! మరునాడు మధ్యాహ్నం ఆయన సిలువ మీద ఉండగా కమ్మిన చీకటి సూర్యగ్రహణం కావడానికి వీల్లేదనడానికీ ఈ పున్నమే సాక్ష్యం. సూర్యగ్రహణం అమావాస్యనాడే పడుతుంది కదా. 3వ శతాబ్దంలోనే జూలియస్ ఆఫ్రికానస్ ఈ మాట రాశాడు.

అందుకే ఈస్టర్ తేదీ చంద్రుణ్ణి వదల్లేదు. అందరూ ఒకే రోజున చెయ్యాలని 325లో నిసియాలో కూడిన బిషప్పుల సభ తీర్మానించింది. తర్వాత స్థిరపడిన సూత్రం ఇది: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి, దాని తర్వాతి ఆదివారం. 19 ఏళ్లలో 235 చాంద్రమాసాలు ఇమిడే చక్రంతో ఆ పున్నమిని ముందే లెక్కకడతారు. పంచాంగం తెలిసిన తెలుగువాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మనకు ఆ పున్నమి ఎక్కువగా చైత్ర పౌర్ణమి, కొన్నేళ్లు ఫాల్గుణ పౌర్ణమి. 2026లో ఏప్రిల్ 2న చైత్ర పౌర్ణమి, మరునాడే గుడ్ ఫ్రైడే, 5న ఈస్టర్.

ఆరాధన కూడా ఆ రాత్రితోనే ముడిపడింది. క్యాథలిక్ సంఘాల్లో ఈస్టర్ జాగరణ చీకటి పడ్డాకే మొదలై, తెల్లవారేలోపు ముగియాలి. గుడి బయట కొత్త నిప్పు రాజేసి, దాంతో ఈస్టర్ కొవ్వొత్తి వెలిగించి, చీకటి గుడిలోకి తీసుకెళ్తారు. 1732లో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్ క్రైస్తవ సంఘపు యువకులు కొందరు ఈస్టర్ నాడు తెల్లవారుజామునే కొండమీది సమాధుల తోటకు వెళ్లి పాటలు పాడారు. ఆంధ్రలోనూ ఎన్నో ఊళ్లలో విశ్వాసులు ఆ పూట చీకటితోనే కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్తారు.

ఇప్పుడు ఫ్లడ్ లైట్లు, మైకుల మధ్య పైకి చూసే తీరిక పోయింది. ఇది చిన్న నష్టం కాదు. పండుగ ఆ రోజే ఎందుకొచ్చిందో తెలియని పిల్లలకు క్యాలెండర్‌లో ఎర్ర అంకె ఒక్కటే మిగులుతుంది. పాస్టర్లకు, ఫాదర్లకు, సండే స్కూల్ టీచర్లకు నా మనవి: 2027లో పున్నమి మార్చి 22న, గుడ్ ఫ్రైడే 26న. ముందురోజు గురువారం రాత్రి ప్రార్థనలో కాసేపు ఆవరణ లైట్లు ఆర్పించండి. చంద్రుడు దాదాపు తొమ్మిది గంటలకు తూర్పున వస్తాడు. పిల్లల్ని బయటికి తీసుకొచ్చి చూపించండి.